సైకిలుపై నీటిసీసా, దానిని పట్టియుంచు పంజరము

దాహము వేసినప్పుడు బావి త్రవ్వబూనుట తెలివిగల పని కాదని మన పెద్దలు చెప్పుదురు. బావిని ముందే త్రవ్వించుకొని, తీరా దాహమైనవేళ చేదను త్రాడుతో సహా నూతిలో జారవిడుచుకొన్నవాని అవస్థయు అంతకంటె మెరుగైనది కాదు. మండుటెండలో గంటకు 30 కిలోమీటర్ల వేగముతో సైకిలు త్రొక్కుచున్న పోటీదారు నీటికై చేయి చాచినప్పుడు సీసాకు బదులు ఖాళీ చట్రము చేతికి తగిలినచో, అతనిది సరిగా అట్టి అవస్థయే. సైకిలు దుకాణములవారు 'బాటిల్ కేజ్' అని పిలుచు ఆ చట్రమును గూర్చియే ఈ ప్రసంగమున విచారింతము. కేజ్ అనగా పంజరము గనుక మనమును దానిని పంజరమనియే వ్యవహరింతము.

ట్రయాథ్లాన్ అనగా ఈత, సైకిలు, పరుగు అను మూడింటిని విరామము లేకుండ ఒకదాని వెంట నొకటిగా సాగించు పోటీ. నేడు మనమెరిగిన రూపమున ఈ క్రీడ 1974 సెప్టెంబరు 25వ తేదీన అమెరికాలోని శాన్ డియాగో నగరమున, మిషన్ బే తీరమున ఆరంభమైనది. 1978 ఫిబ్రవరి 18వ తేదీన హవాయిలోని ఓహూ దీవిలో మొదటి ఐరన్‌మ్యాన్ పోటీ జరిగినది. 15 మంది బయలుదేరగా 12 మంది గమ్యము చేరిరి. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ట్రయాథ్లాన్‌కు చోటు లభించినది. ఒలింపిక్ పోటీలో ఈత 1.5 కిలోమీటర్లు, సైకిలు 40, పరుగు 10. ఐరన్‌మ్యాన్‌లోనో ఈత 3.8, సైకిలు 180, పరుగు 42.2 కిలోమీటర్లు. అందులో సగము దూరముగల ఐరన్‌మ్యాన్ పోటీ మన దేశమున గోవాలో 2019లో మొదటిసారి జరిగినది. హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరముల యువకులును, నడివయస్కులును నేడు ఇట్టి పోటీలకై తెల్లవారుజామున లేచి సాధన చేయుచున్నారు. కనుక ఇది ఎక్కడి వారికో సంబంధించిన సంగతి యనుకొననక్కరలేదు. మీ యింటనే అట్టి సాధకులొకరు ఉండవచ్చును.

ఈ మూడింటిలో ఎక్కువ కాలము పట్టునది సైకిలు. ఈదునప్పుడు త్రాగుటకు వీలులేదు. పరుగెత్తునప్పుడు కడుపునిండ త్రాగినచో నీరు కడుపులో కదలి బాధించును. కనుక శరీరము కోల్పోయిన నీటిని తిరిగి చేర్చుకొనుటకు తగిన సమయము సైకిలుపై నున్న సమయమే. సగము ఐరన్‌మ్యాన్‌లో 90 కిలోమీటర్ల దూరమును గంటకు 30 కిలోమీటర్ల చొప్పున త్రొక్కిన 3 గంటలు పట్టును. ఎండలో శ్రమించు మనిషి గంటకు ఒక లీటరు చెమటను, ఒక్కొక్కప్పుడు అంతకంటె అధికముగను కోల్పోవుట కలదు. పోయినదంతయు త్రాగి తీరవలెనని కాదు. ఉప్పు లేని నీటిని మితిమీరి త్రాగుటయు రక్తములోని సోడియమును పలుచబరచి ప్రమాదము తెచ్చును. ఐనను రెండు మూడు సీసాలు సైకిలుపై నుండుట అవసరము. దారిలో నీటి కేంద్రములు ఉండును గాని, ఒక కేంద్రమునకును మరియొక కేంద్రమునకును నడుమ మనకు ఆధారము మన సీసాయే.

సీసాను ఎచ్చట ఉంచవలెనన్న ప్రశ్న క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో ఫ్రాన్సు దేశపు టూర్ పందెమున పాల్గొన్నవారు లోహపు సీసాలను హ్యాండిలుకు ముందు తగిలించిన పంజరములలో పెట్టుకొనెడివారు. పిమ్మట పంజరము హ్యాండిలును విడిచి చట్రపు గొట్టముల మీదికి దిగినది. ట్రయాథ్లాన్ వచ్చిన తరువాత కథ మరల మొదటికి వచ్చినది. గాలిని చీల్చుకొని పోవుటకై ముంజేతులను ముందుకు చాచి ఆనించుకొను ప్రత్యేకమైన హ్యాండిలును ఈ ఆటవారు వాడుకలోనికి తెచ్చిరి. 1989లో టూర్ ద ఫ్రాన్స్ చివరి దినమున గ్రెగ్ లెమాండ్ దానినే ఉపయోగించి, 50 సెకనుల వెనుకబాటును పూడ్చుకొని, 8 సెకనుల తేడాతో పందెము గెలిచెను. ఆ హ్యాండిలు రెండు కడ్డీల నడుమ ఏర్పడిన ఖాళీ స్థలమున ఇప్పుడు మరల నీటిసీసాను అమర్చుచున్నారు.

కనుక ట్రయాథ్లాన్ సైకిలుపై సీసాకు మూడు స్థానములున్నవి. ఒకటి, ముంజేతుల నడుమ పరుండబెట్టినట్లు. రెండవది, చట్రపు గొట్టములపై. మూడవది, సీటు వెనుక. పంజరము కొనబోవువాడు మొదట అడుగవలసిన ప్రశ్న దాని వెల ఎంత అనునది కాదు. దాని బరువు ఎంత అనునదియు కాదు. ఈ మూడింటిలో ఏ స్థానమున దీనిని బిగింపబోవుచున్నాము అనునదే. ఒకచోట నమ్మకముగ పనిచేయు పంజరము మరియొకచోట సీసాను నిలుపలేకపోవచ్చును. ఇట్లేల జరుగునో తెలిసికొన్నచో ఎన్నిక సులభమగును.

మన పల్లె బస్సులో చివరి సీటున ప్రయాణము చేసినవారికి ఈ రహస్యము తెలిసియే యుండును. బస్సు స్పీడు బ్రేకరును దాటునప్పుడు నడుమ కూర్చున్నవారు కొంచెము కదలుదురు. వెనుక చక్రములకు ఆవల చివరి సీటున కూర్చున్నవారు సీటు విడిచి పైకెగురుదురు. బస్సు పైకి లేచినప్పుడు వారును దానితో లేచిరి. బస్సు చప్పున క్రిందికి దిగినప్పుడు వారి శరీరములు ఇంకను పైకే పోవుచుండెను. సీటు వెనుకనున్న సీసా ఆ చివరి సీటు ప్రయాణికుని వంటిది. అది చక్రపు ఇరుసునకు పైన, ఒక చేయివలె చాచిన ఆధారము కొసన వ్రేలాడుచుండును. గతుకు తగిలినప్పుడు ఆ ఆధారమే స్వయముగ ఊగి అదటును మరింత పెంచును. సీసా నిలువుగా నున్నకొలది ఆ అదటు దానిని తిన్నగా నోటి దిక్కునకు, అనగా పంజరము వెలుపలికి త్రోయును.

లెక్క కూడ చూతము. 750 మిల్లీలీటర్ల నీటి బరువు 750 గ్రాములు. సీసాతో కలిపి ఇంచుమించు 850 గ్రాములు. గతుకువలన సీసా తన బరువునకు మూడింతల బలముతో పైకి లాగినదనుకొన్నచో పంజరము రెండున్నర కిలోల లాగుడును ఓర్చుకొనవలెను. కూరగాయల సంచి బరువు అప్పుడు ఒక తీగె పట్టుమీద ఆధారపడి యుండును. చట్రపు క్రింది గొట్టముపై సీసా ఏటవాలుగా ఆని యుండును. అదటులో కొంత భాగము మాత్రమే దానిని వెలుపలికి లాగును. ముంజేతుల నడుమ పరుండియున్న సీసా విషయమున అదటు అడ్డముగ తగులును గాని పొడవున తగులదు. కనుక అది జారిపోవుట అరుదు. దానిని పై వైపునుండి చుట్టి పట్టుకొను కొమ్ములున్న చాలును.

సీసా పోయిన నష్టము నీటితో ముగియదు. దీర్ఘ పోటీలలో సామాన్య పోటీదారులు ఒకరి వెనుక ఒకరు 12 మీటర్ల ఎడముతో పోవలెనని నియమము కలదు. గంటకు 35 కిలోమీటర్ల వేగముతో పోవువానికి 12 మీటర్లు ఒక సెకను, అందులో ఐదవ వంతు మాత్రమే. ముందువాని సీసా ఎగిరి రోడ్డుపై దొర్లినచో, ముంజేతులపై ఒరగి, బ్రేకులకు చేతులు దూరముగ నున్న వెనుకవాడు ఆ కొద్ది కాలములో ఏమి చేయగలడు? గుండ్రని సీసా మీదికి చక్రమెక్కిన సైకిలు నిలువదు. నిర్ణీత స్థలములలో తప్ప దారిలో వస్తువులను పారవేయుట పోటీ నియమములకు విరుద్ధము కూడ. మన పంజరపు పట్టు మన కొరకే గాక మన వెనుక వచ్చు అపరిచితుని యెముకల కొరకును అవసరమని గుర్తుంచుకొనవలెను.

ఇక పంజరముల జాతులను చూతము. మన అంగళ్లలో ఎక్కువగా దొరకునది అల్యూమినియము కడ్డీని వంచి చేసినది. వెల కొన్ని వందల రూపాయలకు మించదు. దీని గొప్ప గుణము, పట్టు సడలినప్పుడు చేతితోనే లోనికి వంచి మరల బిగువు చేయగలుగుట. లోపములు రెండు: సీసాపై నల్లని గీతలు పడును, మాటిమాటికి వంచినచో లోహము అలసి విరుగును. కనుక ఒకటి రెండు మారులు వంచిన పిమ్మట దానిని మార్చుటయే మేలు. రెండవ జాతి స్టెయిన్‌లెస్ స్టీలు తీగతో చేసినది. దీనికి స్ప్రింగువలె సాగి మరల మొదటి రూపమునకు వచ్చు గుణము కలదు. చెమటకును త్రుప్పు పట్టదు. ఏండ్ల తరబడి మన్నును. వెల కొంచెము హెచ్చు. మూడవది నైలాన్ వంటి గట్టి ప్లాస్టిక్‌తో చేసినది. తేలికయైనది, చవుకయైనది, మంచి అచ్చులో పోసినదైనచో సీసాను చక్కగా కౌగిలించుకొనును. కాని దీనిని వంచి సరిచేయ వీలులేదు. వదులైనచో అది ఇక వదులే. నాలుగవది కార్బన్ నారతో చేసినది. చూచుటకు సొగసైనది, వెల వేలలోనికి పోవును.

ఈ కార్బన్ పంజరము గూర్చి ఒక మాట. దానిని కొనువారు బరువు తగ్గునని కొందురు. అల్యూమినియపు పంజరము 40 నుండి 60 గ్రాములు తూగును. కార్బన్‌ది 20 నుండి 30 గ్రాములు. ఆదా అయినది ఇంచుమించు 25 గ్రాములు. 25 గ్రాములనగా నీటిలో ఒక్క గుక్క. బయలుదేరుటకు ముందు ఒక గుక్క త్రాగినవాడు ఆ వేల రూపాయల లాభమును ఉచితముగ పొందినాడన్నమాట. అట్లని కార్బన్ పంజరములన్నియు చెడ్డవని మా అభిప్రాయము కాదు. వానిలో మిక్కిలి గట్టిగ పట్టునవియు కలవు. వెలను చూచి పట్టును ఊహింపరాదని మాత్రమే మేము చెప్పుచున్నాము.

స్థానమును బట్టి ఎన్నిక ఇట్లుండవచ్చును. చట్రపు గొట్టముపై అల్యూమినియము గాని, ప్లాస్టిక్ గాని సరిపోవును. మధ్యరకపు పట్టు చాలును. మరీ బిగువైనచో సీసాను లాగునప్పుడు సైకిలు తూలును, రోడ్డుమీదనుండి చూపు మరలును. చట్రము చిన్నదై సీసాను పైకి లాగుటకు చోటు చాలనప్పుడు ప్రక్కనుండి తీయగల పంజరము దొరకును; కుడిచేతివాటము, ఎడమచేతివాటము చూచి కొనవలెను. ముంజేతుల నడుమ సామాన్యమైన పంజరమునే రెండు కడ్డీలకును కేబుల్ టైలతో కట్టవచ్చును. ఇందుకు ప్రత్యేకముగ అమ్ము ఖరీదైన పరికరము లేకున్నను పని జరుగును. టైల కొసలను నున్నగా కత్తిరింపవలెను, లేనిచో ముంజేతికి గీచుకొనును. హ్యాండిలును ఇరువైపుల పూర్తిగ త్రిప్పి, బ్రేకు తీగలు ఎచ్చటను నలుగుట లేదని చూచుకొనవలెను.

డబ్బు ఖర్చు చేయవలసిన స్థానము సీటు వెనుకనే. ఇచ్చట స్టీలు తీగ పంజరము గాని, గట్టి పట్టుకు పేరుపొందిన మరియొకటి గాని ఉండవలెను. అంతకంటె మేలైన ఉపాయము ఒకటి కలదు. అది ఖర్చు లేనిది. త్రాగు నీటిని ముందరి రెండు స్థానములలో ఉంచి, వెనుక పంజరమున ట్యూబు, పనిముట్లు ఉంచిన మూతగల డబ్బాను పెట్టవలెను. ఆ డబ్బాతో ప్రయాణములో మనకు పని లేదు గనుక దానిని పటకాతో గట్టిగ కట్టివేయవచ్చును. నీటిసీసాను అట్లు కట్టివేసినచో త్రాగుట యెట్లు? తరచు తీయవలసిన వస్తువునకు పట్టు తక్కువైనను భయము లేని చోటును, తీయనక్కరలేని వస్తువునకు భయము గల చోటును కేటాయించుటయే ఇందలి సూత్రము.

కొనునప్పుడు సీసాను వెంట తీసికొని పోవలెను. గిన్నెకు మూత కొనుటకు గిన్నెను తీసికొని పోవుదుము గదా. సైకిలు సీసాల వ్యాసము సాధారణముగ 73, 74 మిల్లీమీటర్లు ఉండును. పంజరములు ఆ కొలతకే తయారగును. అంగడిలో మంచినీరు నింపి అమ్ము పలుచని ప్లాస్టిక్ సీసాలు ఈ కొలతలో నుండవు. వానితో పరీక్షించిన ఫలము లేదు. సీసా నడుమున లోతైన గాడి ఉండుట, పంజరమున ఆ గాడిలో కూర్చుండు నాలుక ఉండుట చూడవలెను. పట్టులో అధిక భాగము ఆ నాలుకదే. ఒక్క చేతితో, సీసావైపు చూడకుండ, మూడు నాలుగు సారులు పెట్టి తీసి చూడవలెను.

బిగించుటలోను మెలకువ కావలెను. చట్రముపై రెండు మరరంధ్రముల నడుమ దూరము 64 మిల్లీమీటర్లు. మరలు 5 మిల్లీమీటర్లవి. ఈ కొలత ప్రపంచమంతట ఒకటే గనుక ఏ పంజరమైనను సరిపోవును. 4 మిల్లీమీటర్ల అలెన్ కీ చాలును. మరకు కొంచెము గ్రీజు పూయవలెను. చెమటయు, ఉప్పు, పంచదార కలిపిన పానీయములును కారి మరలు చట్రములోనే త్రుప్పుతో పట్టుకొనిపోవుట కలదు. మితిమీరి బిగించినచో చట్రములోని నట్టు కదలి ఊరక తిరుగును. కార్బన్ చట్రమైనచో పగులు పుట్టవచ్చును. తయారుచేసినవారు చెప్పిన బిగింపును మించరాదు. సీటు వెనుకనున్న ఆధారపు మరలు మాత్రము అదటునకు త్వరగా వదులగును. వానికి నైలాన్ వలయము గల నట్లు వాడుట మంచిది.

ఉన్న పంజరము వదులైనచో క్రొత్తది కొనుటకు ముందు పాత ట్యూబును స్మరింపవలెను. సైకిలు ట్యూబునుండి రెండు వ్రేళ్ల వెడల్పున ఒక వలయమును కత్తిరించి పంజరపు చేతుల చుట్టు తొడిగినచో అవి లోనికి బిగిసి సీసాను గట్టిగ పట్టును. పల్లెటూరి సైకిలు క్యారియరుపై పాలక్యానును పట్టియుంచిన రబ్బరే ఇచ్చటను పనికి వచ్చును.

ఇంటిలో చేయదగిన పరీక్షలు రెండు. మొదటిది: సీసాను నిండుగ నింపి పంజరమున నుంచి, ఇద్దరు పట్టుకొని సైకిలును తలక్రిందులు చేసి, పైకిని క్రిందికిని గట్టిగ కుదుపవలెను. ఊరక తలక్రిందులు చేసినప్పుడు నిలిచినంతమాత్రమున చాలదు. అది సీసా తన బరువునకు సమానమైన లాగుడును ఓర్చినదని మాత్రమే చెప్పును. రెండవది: ప్రయాణపు పెట్టెలను తూచు చేతికాటా ఉన్నచో దాని కొక్కెమును సీసా మెడకు కట్టిన త్రాడునకు తగిలించి మెల్లగ లాగవలెను. సీసా వెలుపలికి వచ్చునప్పటి అంకెను చూచుకొనవలెను. పైన వేసిన లెక్క ప్రకారము సీటు వెనుకనున్నది రెండున్నర కిలోలకు లోబడి ఊడిరాకూడదు. ఇంకను హెచ్చు ఓర్చినచో మరింత మంచిది.

ఆపైన రోడ్డు పరీక్ష. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు ప్రక్కన 2023లో 23 కిలోమీటర్ల పొడవున ప్రారంభమైన సైకిలు బాట సాధనకు అనువైనదే. సౌరఫలకముల నీడలో నున్నగా సాగు అట్టి బాటపై ఏ పంజరమైనను పరీక్షలో నెగ్గును. పంజరపు గుణము తెలియవలెనన్న గతుకుల రోడ్డు కావలెను. అది మనకు దొరకుట కష్టము కాదు. పోటీలో పట్టుకొనిపోవు సీసాలనే నింపుకొని, పోటీ వేగముతోనే, ముందు వెనుక ఎవరును లేని వేళ, ఐదారు కిలోమీటర్లు అట్టి దారిలో పోయి రావలెను. తిరిగి వచ్చిన పిమ్మట ప్రతి మరను అలెన్ కీతో తాకి చూడవలెను.

ఈ పరీక్షలన్నియు పోటీకి కనీసము రెండు మూడు వారముల ముందే ముగియవలెను. పోటీ ముందటి రాత్రి స్నేహితుడెవరో మెచ్చుకొన్నాడని క్రొత్త పంజరమును బిగింపరాదు. మూడు స్థానములకును కలిపి వేయి, రెండువేల రూపాయలలో ఈ పని నెరవేరును. మిగిలిన ధనముతో ఒక మంచి టైరును కొనుడు. వీలైనచో పోటీ దినమున ఇంటివారిలో ఒకరు దారి ప్రక్కన నిలిచి, తమవారి సైకిలుపై బయలుదేరిన సీసాలన్నియు తిరిగి వచ్చినవో లేదో లెక్కింపుడు.